గేర్‌బాక్స్ కింద ఆయిల్ మరక

ప్రశ్న: మాది ఇరవై ఏళ్ల పాత పెట్రోల్ కారు. తెల్లారేసరికి గేర్‌బాక్స్ కింద రూపాయి బిళ్లంత ఆయిల్ మరక. బాక్స్ దించాలంటున్నాడు మెకానిక్. తప్పదా? – ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: అప్పుడే వద్దండీ. ముందు కిందంతా కిరోసిన్‌తో తుడిపించి, యర్రగుంట్ల దాకా ఓసారి తిరిగొచ్చి టార్చ్ వేసి చూడండి, గాలికి ఆయిల్ వెనక్కి పాకుతుంది కాబట్టి మరక ఉన్నచోటే లీకు అనుకోకుండా తడి ఎక్కడ మొదలైందో పట్టుకోవాలి. డ్రెయిన్ ప్లగ్ (పాత ఆయిల్ తీసేయడానికి అడుగున ఉండే బోల్టు) దగ్గరైతే వాషర్ మారిస్తే చాలు. చక్రాల షాఫ్ట్ బాక్సులోకి దూరే చోటైతే ఆయిల్ సీల్ (ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు) పోయినట్టు, షాఫ్ట్ లాగి ఆ సీలు మార్చేయొచ్చు. బ్రీదర్ (బాక్సులో గాలి బయటికి పోయే చిన్న దారి) కూడా చూపించండి, మన దుమ్ముకి అది మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి మంచి సీలు కూడా కారుతుంది. ఇంజనుకూ బాక్సుకూ మధ్య నుంచి గేర్ ఆయిల్ కారుతుంటే మాత్రం దించాల్సిందే. ఈలోగా ఆయిల్ లెవెల్ తగ్గనివ్వకండి.