మైసాచి ఊదా, మైసమ్మ ఊదా?

సందేహం: బోనాలనాడు మా ఇంట్లో 'మైసాచి ఊదు' వేస్తాం. మైసమ్మకు వేసేది కాబట్టి 'మైసమ్మ ఊదు' అనాలని మా మేనమామ దిద్దాడు. ఏది ఒప్పు? సాంబ్రాణి, గుగ్గిలం అన్నా ఇదేనా? – ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: మైసాచే ఒప్పమ్మా. మీ మేనమామ ఊహ ముచ్చటగానే ఉంది గానీ, ఆ మాట అమ్మవారి పేరులోంచి రాలేదు, దున్నపోతు కంట్లోంచి వచ్చింది. మహిషాక్షి మన నోట నలిగి మైసాచి అయింది. లక్ష్మి లచ్చి అయినట్టు, భిక్ష బిచ్చమైనట్టు ఇక్కడా 'క్ష' చకారంలోకి దిగింది.

భావప్రకాశం అనే ఆయుర్వేద గ్రంథం గుగ్గులును ఐదు రకాలు చేసి, తుమ్మెదలా కాటుకలా నల్లగా ఉండేదాన్ని మహిషాక్షం అంది. అది ఏనుగుల వైద్యానికి మంచిదట. మనుషులకూ పనికొస్తుందని కొందరి మతం అని చివర్లో ఓ మాట కలిపింది! గుగ్గులు రాజస్థాన్, గుజరాత్ మెట్టనేలల ముళ్లపొద నుంచి కారే బంక. కీళ్లనొప్పులకు వాడే యోగరాజ గుగ్గులులో ఉండేది ఇదే.

ఊదు అరబ్బీ మాట. అసలర్థం కట్టె, ముఖ్యంగా అగరు కట్టె. మన దగ్గర నిప్పుల మీద వేసే ఏ సుగంధపు పొడికైనా అదే పేరైంది.

గుగ్గిలం గుగ్గులుకు తద్భవమే, కానీ పేరు నిలిచి చెట్టు మారింది. ఇప్పుడు ఎక్కువగా సాలవృక్షపు రెసిన్‌ను అలా అంటున్నాం. తుమ్మబంక నిప్పులో పడితే మాడుతుంది, గుగ్గిలం భగ్గుమంటుంది. 'అగ్గిమీద గుగ్గిలం' అన్నవాడు రెండూ వేసి చూసే ఉంటాడు.

సాంబ్రాణి వేరే. అది సుమత్రా వైపు చెట్టుది. అరబ్బులు 'లుబాన్ జావీ' (జావా ధూపం) అంటే, యూరప్ నోళ్లలో అది బెంజాయిన్ అయింది. బెంజాయిక్, సిన్నమిక్ ఆమ్లాలున్న సుగంధ రెసిన్లనే శాస్త్రం బాల్సమ్ అంటుంది కనుక, ఈ మూడింటిలో ఆ పేరుకు తగింది సాంబ్రాణి ఒక్కటే. తలనొప్పికి రాసుకునే 'బామ్' కూడా బాల్సమ్ అరిగిన రూపమే.

మీ మైసాచి పలుకొకటి నూరి నీళ్లలో కలపండి. గుగ్గులైతే నీళ్లు పాలలా తెల్లబడతాయి. గుగ్గిలం కరగదు, ఇసుకలా అడుక్కి దిగుతుంది.