మిన్స్క్‌లో ఫుట్‌బాల్, పక్కనే ఎంబీబీఎస్?

కరీంనగర్ నుంచి ఒక తండ్రి రాశారు. అబ్బాయి పదో తరగతి పాసయ్యాడు. 2020 లాక్‌డౌన్‌లో దాదాపు అన్ని దేశాల్లో ఆటలు ఆగిపోయినా బెలారస్ లీగ్ మాత్రం నడిచింది కదా, అప్పుడు ఫోన్‌లో చూడటం మొదలుపెట్టి ఇప్పటికీ వదల్లేదట. బెలారస్ ఆటగాడు ఇల్యా ష్కురిన్‌లా గోల్స్ కొట్టే స్ట్రైకర్ అవుతానంటాడు. ఇంతలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు ప్యాకేజీ చెప్పారు: బెలారస్ రాజధాని మిన్స్క్‌లో రెండేళ్లు ఫుట్‌బాల్ అకాడమీ, ఆ తర్వాత అక్కడే ఎంబీబీఎస్ సీటు. "ఇదీ, ఇక్కడ బైపీసీ, రెండూ పోల్చి ఏది మేలో చెప్పండి" అని అడిగారు. ఉత్తరం అడుగున అబ్బాయి కూడా ఒక ప్రశ్న రాశాడు. దానికి జవాబు చివర్లో ఇస్తాను.

సార్, ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. ఒకసారి స్పెయిన్ అంటారు, ఇంకోసారి సెర్బియా అంటారు. లోపల ఉన్న భయం మాత్రం ఒక్కటే: నీట్‌లో సీటు రాకపోతే వీడి గతేంటి? మీ ఉత్తరంలో ఫుట్‌బాల్‌కి నాలుగు లైన్లు, ఎంబీబీఎస్‌కి పేజీన్నర ఉంది. అబ్బాయి డాక్టర్ అవుతానన్నట్టు ఆ పేజీన్నరలో ఎక్కడా లేదు.

ముందు ష్కురిన్ సంగతి చూద్దాం. 1999లో విటెబ్స్క్‌లో పుట్టాడు. 2019లో ఎనర్గెటిక్-బీజీయూ అనే చిన్న మిన్స్క్ క్లబ్‌కి ఆడుతూ 19 గోల్స్ కొట్టి లీగ్ టాప్ స్కోరర్ అయ్యాడు. ఆ తర్వాతే మాస్కోలోని సీఎస్‌కేఏ క్లబ్ పిలిచింది. అక్కడ కుదురుకోలేదు. లోన్ మీద, అంటే కొన్నాళ్లు వేరే క్లబ్‌కి అరువుగా, ఉక్రెయిన్‌లోని కీవ్ వెళ్లాడు. 2022లో యుద్ధం వచ్చింది, పోలండ్‌లోని రాకువ్‌కి మారాడు. అక్కడి నుంచి ఇజ్రాయెల్, మళ్లీ పోలండ్‌లోని స్టాల్ మియెలెట్స్. 2023-24 సీజన్‌లో 16 గోల్స్ కొట్టాక మళ్లీ నలుగురి నోళ్లలో పేరు పడింది. 2025 మొదట్లో వార్సాలోని లెగియా తీసుకుంది. ఐదేళ్లలో ఆరు క్లబ్బులు, నాలుగు దేశాలు. ఇది ఓడిపోయిన వాడి కథ కాదు, గెలిచిన వాడిదే. పెట్టె సర్దుకోవడం వాళ్ల ఉద్యోగంలో భాగం.

అంతకు ముందు తరంలో విటాలీ కుతుజోవ్ ఉన్నాడు. 2001లో యూఈఎఫ్‌ఏ కప్ అనే యూరప్ క్లబ్బుల పోటీలో అతను ఆడే బెలారస్ క్లబ్ బాటేకి ఇటలీలోని ఏసీ మిలాన్‌తో మ్యాచ్ పడింది. అతని ఆట నచ్చి మిలాన్ వాళ్లే కొనుక్కున్నారు. ఇంతకంటే అదృష్టం ఉంటుందా? కానీ అక్కడ షెవ్‌చెంకో, ఇంజాగీ లాంటి పేరున్న స్ట్రైకర్లు ఉన్నారు, ఇతనికి ఆడే అవకాశం దాదాపు దొరకలేదు. తర్వాత లిస్బన్, అవెల్లీనో, సంప్‌డోరియా, పార్మా, పీసా, బారి అంటూ తిరిగాడు. మంచి బతుకే, కాదనను. గోడ మీద పోస్టర్లో కనిపించేది మాత్రం ఆ బతుకు కాదు.

నన్నడిగితే అబ్బాయి చూడాల్సింది బాటే స్ట్రైకర్ విటాలీ రోదియోనోవ్‌ని. జర్మనీలో ఫ్రైబుర్గ్‌కి లోన్ మీద వెళ్లి, నిలదొక్కుకోలేక ఇంటికొచ్చి, 2012 అక్టోబర్ 2న మిన్స్క్‌లో అదే జర్మనీకి చెందిన బాయెర్న్ మ్యూనిక్ మీద గోల్ కొట్టాడు. ఆ రోజు బాటే 3-1తో గెలిచింది.

బాటే అంటే బోరిసోవ్‌లో ట్రాక్టర్లు, మోటారు బండ్లకు ఎలక్ట్రికల్ సామాన్లు చేసే ఫ్యాక్టరీ పేరులోని పొడి అక్షరాలు. జోడినో ఊరి క్లబ్ పేరులోనే బెలాజ్ అనే డంపర్ల కంపెనీ ఉంది. బొగ్గు గనుల్లో పనిచేసేవాళ్లకి ఆ డంపర్లు తెలిసే ఉంటాయి. అక్కడ చాలా క్లబ్బులు ఇలా ఫ్యాక్టరీలనో, ఊరి పాలకులనో నమ్ముకుని నడుస్తాయి. దానికి తోడు ఆ యుద్ధం వల్ల 2022 నుంచి యూరప్ పోటీల్లో బెలారస్ జట్లు 'సొంత' మ్యాచ్‌లను పరాయి దేశంలో, ఖాళీ స్టాండ్ల ముందు ఆడుతున్నాయి. అక్కడి కుర్రాళ్లే బయటికి దారులు వెతుక్కుంటుంటే మనం పిల్లాణ్ని లోపలికి పంపుతామంటున్నాం!

ఇక అసలు విషయం. పద్దెనిమిదేళ్లు నిండని ఆటగాణ్ని పరాయి దేశపు క్లబ్ రిజిస్టర్ చేసుకోవడాన్ని ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిషేధించింది. తల్లిదండ్రులు ఆట కోసం కాకుండా వేరే పని మీద ఆ దేశానికి మారడం లాంటి కొద్దిపాటి మినహాయింపులున్నాయి, మీకు ఒక్కటీ వర్తించదు. రిజిస్ట్రేషన్ లేనిదే అధికారిక మ్యాచ్ ఆడనివ్వరు. అంటే ఆ రెండేళ్లు మీవాడు ప్రాక్టీస్ చేస్తాడు, జెర్సీ వేసుకుని ఫొటోలు పంపిస్తాడు, అంతే. ఏ క్లబ్, ఏ పోటీ, ఎవరి పేరున రిజిస్ట్రేషన్ అని కన్సల్టెన్సీని రాతపూర్వకంగా అడగండి. రాసిచ్చేవాళ్లని నేనింతవరకు చూడలేదు.

ఎంబీబీఎస్ పక్కన ఫుట్‌బాల్ అన్నది ఇంకా విడ్డూరం. అక్కడ క్లాసు పోతే ఊరికే వదలరు. 'ఒత్రాబోత్కా' అని, పోయిన ప్రతి క్లాసుకీ విడిగా వెళ్లి చదివింది అప్పజెప్పాలి. అక్కడ చదివే మన పిల్లల్ని అడగండి, ఆ మాట వింటేనే టెన్షన్ పడతారు. రోజూ క్లబ్ ప్రాక్టీసుకి, వారం వారం పక్క ఊళ్లో మ్యాచ్‌కి వెళ్లేవాడు మెడిసిన్ ఎప్పుడు చదువుతాడు? కోపం తెచ్చుకోకండి గానీ, మీరు పిల్లాడి ఇష్టాన్ని అడ్డం పెట్టుకుని మీ కోరిక తీర్చుకోవాలనుకుంటున్నారు. ఇల్లు తాకట్టు పెడతానని కూడా రాశారు. ఆ బరువు మోస్తూ పదహారేళ్లవాడు పరుగెత్తలేడు సార్.

పోల్చమన్నారు. పోల్చడానికి ఒకవైపు ఏమీ లేదని ఈపాటికి అర్థమై ఉంటుంది. ఇంటర్ ఇక్కడే చదివించండి. బైపీసీయే కావాలో మరొకటో వాణ్నే అడగండి. బైపీసీ తీసుకున్నా ఎంబీబీఎస్ ఒక్కటే దారి కాదు, ఫిజియోథెరపీ ఉంది, ఆటకి దగ్గరగానూ ఉంటుంది. కాలేజీ ఎంచుకునేటప్పుడు మాత్రం సాయంత్రం ఆరుకి ముందు వదులుతారో లేదో కనుక్కోండి. ర్యాంకుల ఫ్లెక్సీల కన్నా మీకు అదే ముఖ్యం. జిల్లా ఫుట్‌బాల్ సంఘంలో, అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్‌ఎఫ్) దగ్గర రిజిస్ట్రేషన్ చేయించండి, ఎంత చిన్న టోర్నీ అయినా ఆడనివ్వండి. నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియాకి, డైనమో జాగ్రెబ్ మహిళల జట్టుకి వెళ్లింది. అప్పటికే ఇక్కడి లీగుల్లో పెద్దవాళ్లతో ఆడి ఉంది. రెండేళ్లు ఆగితే ఏ తలుపూ మూసుకుపోదు. ఫిఫా లెక్కలో మీవాడికి ఆ తలుపు తెరుచుకునేదే అప్పుడు. మీరు నిద్రపోవచ్చు, నిజంగా.

ఇక బాబూ, "నా ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు, స్ట్రైకర్‌కి చాలదా?" అని అడిగావు. నేను కోచ్‌ని కాను, ఆ మాట మీ కోచ్ చెప్పాలి. నీకింకా పెరిగే వయసుంది, పొట్టి స్ట్రైకర్లు కూడా బోలెడుమంది ఉన్నారు. ఈ ఏడాది నువ్వు కొట్టిన గోల్స్ ఎన్నో, వాటిలో ఎడమ కాలితో కొట్టినవెన్నో ఒక నోట్‌బుక్‌లో రాసి పంపు. నీ ఉత్తరంలో ఆ లెక్క లేదు.