కోడలికి అడ్డసరం కషాయం ఇవ్వొచ్చా?

ప్రశ్న: మా కోడలికి ఐదో నెల. పది రోజులుగా దగ్గు తగ్గడం లేదు. పెరట్లో అడ్డసరం ఉంది. మాకు దగ్గొస్తే మా అత్తగారు ఆ ఆకే కాచి పోసేవారు. కోడలేమో ఫోన్లో చూసి వద్దంటోంది. ఇవ్వొచ్చా? అసలు అది అడ్డసరమేనా అని కూడా ఓ అనుమానం.
– ఒక అత్తగారు, గాజువాక

జవాబు: వద్దమ్మా, ఒక్క చెంచా కూడా వద్దు. ఈసారికి గెలుపు మీ కోడలిదే.

ఆ ఆకు చేదులో వాసిసిన్ అనే పదార్థం ఉంటుంది. దగ్గుకి పనికొస్తుందనేదీ దాని వల్లే, గర్భసంచి బిగుసుకునేలా చేసేదీ అదే. కాన్పు తొందరగా అవ్వాలని ఈ ఆకు వాడిన ఊళ్లున్నాయి. ఐదో నెలలో ఆ బిగింపు వస్తే ఏమవుతుందో పిల్లల్ని కన్న మీకు నేను చెప్పాలా? "ఆకే కదా" అనకండి. దగ్గు సిరప్పుల సీసాల మీద బ్రోమ్‌హెక్సిన్ అని ఉంటుంది చూడండి, అది ఈ వాసిసిన్ నుంచి పుట్టిందే. అలాగని ఆ సిరప్పూ మీ అంతట మీరు కొని పట్టకండి. అమ్మాయిని నెలనెలా చూస్తున్న డాక్టరుకే దగ్గు సంగతి చెప్పండి, ఇవాళే. రెండు వారాలు దాటితే క్షయ (టీబీ) ఏమోనని కళ్లె పరీక్ష చేయించాలి. సర్కారు ఆసుపత్రిలో డబ్బు తీసుకోరు.

ఇక చెట్టు సంగతి. ముప్పయ్యేళ్లు బోటనీ చెప్పినదాన్ని, కానీ అడ్డసరాన్ని నాకు బాగా గుర్తుపట్టించింది మేకలు! అడవివరంలో మేమున్నప్పుడు పక్కింటి మేకలు దడి దూకొచ్చి మందారం, కరివేపాకు మోడు చేసి పోయాయి. మధ్యలో అడ్డసరం మాత్రం నవనవలాడుతూ నిలబడి ఉంది. తమిళంలో దాని పేరే ఆడాతోడై, మేక ముట్టనిదని. ఆకులు ఎదురెదురుగా, కాస్త మామిడాకులా ఉంటాయి గానీ మెత్తన. పువ్వు తెలుపు, నోరు తెరిచినట్టుంటుంది. కింది పెదవి మీద ఊదా గీతలు కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. పువ్వు లేకుండా ఆకు ఒక్కటే చూసి కషాయం కాయొద్దు. ఓసారి బజారులో అడ్డసరమని కొన్న కట్టలో సగం వేరే ఆకే వచ్చింది నాకు.

మా నాయనమ్మ కాచేది కాదు. పచ్చాకు ఎంత దంచినా రసం రాదు. విస్తరాకులో చుట్టి, పైన మట్టి మెత్తి, కుంపటి నిప్పుల్లో పెట్టేది. మట్టి ఎర్రబడ్డాక విప్పి పిండితే అప్పుడు దిగేది పసరు, తేనెతో నాకించేది. ఆ చేదు ఇప్పటికీ నాలిక మీదుంది. మీకు మీరు చేసుకుందామనుకుంటే ముందు బీపీ, సుగర్ మాత్రల సంగతి మీ డాక్టరుతో మాట్లాడండి. రేపు మనవడు పుట్టాక వాడికి పసరూ వద్దు, ఏడాది నిండేదాకా తేనే వద్దు.

చెట్టు కొట్టేయకండేం. ఎవరైనా అడిగితే కొమ్మ విరిచి ఇవ్వండి, వానల్లో గుచ్చితే బతుకుతుంది.