చాంబర్ కింద వాల్వు: బిగించే ముందు యాక్సిల్ వైపు చూడండి

ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టికి, అంటే చాంబర్‌కి, బిగించి ఆయిల్ మార్చేటప్పుడు పానా లేకుండా తెరుచుకునే డ్రెయిన్ వాల్వుల గురించి వచ్చిన ప్రశ్నల్ని ఈసారి ఒకచోట చేర్చాం. అడిగినవాళ్లంతా క్వారీల్లోనో పొలం డొంకల్లోనో బండి నడిపేవాళ్లే కాబట్టి తారురోడ్డు బండ్ల సంగతి ఇందులో పెద్దగా లేదు.

ప్రశ్న: కొండపల్లి వైపు క్వారీల నుంచి అమరావతి పనులకి కంకర తోలే టిప్పర్ నాది. తరచూ ఆయిల్ మార్చడంతో డ్రెయిన్ ప్లగ్గు మూలలు అరిగి పానా జారిపోతోంది. ఆటోనగర్ మెకానిక్ క్విక్ డ్రెయిన్ వాల్వు వేయించుకోమంటున్నాడు. వేయించమంటారా? సైజు ఎలా తెలుస్తుంది?
– టిప్పర్ యజమాని, ఇబ్రహీంపట్నం

జవాబు: వేయించవచ్చండీ. అయితే ముందు మీ చాంబర్‌కి ప్లగ్గు ఎక్కడుందో చూడాలి. పక్క గోడకి అడ్డంగా ఉంటే సగం చిక్కు తీరినట్టే. అడుగున నిలువుగా ఉంటే వాల్వు కిందికి వేలాడుతుంది, కొలతలు తీయకుండా కొనకండి.

మార్కెట్లో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. మొదటిది మీట రకం, జపాన్ ఫుమోటో తరహా. ప్లగ్గు స్థానంలో మరతో కూర్చునే చిన్న బాల్ వాల్వు ఇది. మీటని స్ప్రింగు గాడిలో పట్టి ఉంచుతుంది. గాడిలోంచి ఎత్తి పావు చుట్టు తిప్పితే గుండులోని రంధ్రం దారికొచ్చి ఆయిల్ దిగుతుంది. ఎత్తకుండా తిప్పితే తిరగదు. రెండోది మూత రకం, జర్మనీ స్టాల్‌బస్ తరహా. దానికి మీట ఉండదు. బయటి మరమూత తీసి, గొట్టం ఉన్న కనెక్టర్ బిగిస్తే అది లోపలి స్ప్రింగు వాల్వుని నెడుతుంది. ఇది పొట్టిగా ఉంటుంది, రాయికి దొరికే మీట లేదు. క్వారీ టిప్పర్‌కి మా ఓటు మూత రకానికే. కాకపోతే కనెక్టర్ పోగొట్టుకుంటే ఆయిల్ మార్చడం ఆగిపోతుంది, దాన్ని బండి తాళాలంత భద్రంగా చూసుకోవాలి.

డ్రైవర్లు దీన్ని ఎయిర్ ట్యాంకు కింద తీగ లాగితే నీళ్లు పోయే వాల్వులాంటిదే అనుకుంటారు. ఎయిర్ ట్యాంకు వాల్వు పోతే గాలి పోయి బండి ఆగుతుంది. చాంబర్ వాల్వు విరిగితే ఆయిల్ పోయి ఇంజిన్ పట్టేస్తుంది (సీజ్ అవుతుంది).

ఇక కొలతలు. రాయి తగులుతుందా అని అందరూ చూస్తారు, యాక్సిల్ తగులుతుందా అని చూసేవాళ్లు తక్కువ. కట్టల స్ప్రింగు టిప్పర్లలో ముందు యాక్సిల్ బీమ్ చాంబర్ కిందుగానో దాని దగ్గరగానో అడ్డంగా పోతుంది. లోడుతో గోతిలో పడగానే ఆ బీమ్ పైకి లేస్తుంది. బండిని చదునైన చోట నిలిపి, ఫ్రేముకున్న స్టాపర్ రబ్బరుకీ యాక్సిల్‌కీ మధ్య ఎంత ఖాళీ ఉందో టేపుతో కొలవండి. ఆ ఖాళీ 70 మి.మీ. అనుకుందాం. అంటే యాక్సిల్ ఇంకా 70 మి.మీ. పైకి రాగలదు, రబ్బరు నలిగితే మరికొంచెం కూడా. కాబట్టి వాల్వు అడుగుకీ బీమ్‌కీ మధ్య కనీసం 90 మి.మీ. ఉండాలి. స్టీరింగ్ రాడ్లు కూడా ఆ దగ్గర్లోనే తిరుగుతాయి. స్టీరింగ్‌ని ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పించి ఒకసారి చూడండి. మీట రకం వాల్వు చాంబర్ నుంచి అంగుళం నుంచి అంగుళంన్నర దాకా దిగుతుంది, గొట్టం ముక్కున్న రకం మరికొంచెం. ఆ లెక్క కొనకముందే వేసుకోవాలి.

కొలత మీద నమ్మకం కుదరకపోతే చిటికెలో అయ్యే పరీక్ష ఉంది. పాత ప్లగ్గు ఉండగానే, దాని కిందుగా బీమ్ మీద తడి రేగడి మట్టి ముద్ద పెట్టండి. వాల్వు ఎంత దిగుతుందో దానికి రెండు వేళ్ల మందం కలుపుకుని, బీమ్ మీద ముద్ద అంత ఎత్తు ఉండాలి. లోడుతో ఒక ట్రిప్పు క్వారీ దారిలో తిప్పించి చూడండి. ముద్ద కొన చెదరకుండా ఉంటే చోటుంది. అణిగిపోయి ఉంటే అక్కడ వాల్వు పెట్టకండి, కొత్త ప్లగ్గు వేసుకోవడమే మేలు.

సైజుకి పాత ప్లగ్గే ఆధారం. వెర్నియర్‌తో మర బయటి వ్యాసం కొలవండి. 17.8 మి.మీ. దరిదాపుల్లో వస్తే ఎం18 (అంటే 18 మి.మీ. మర), 21.8 వస్తే ఎం22. మర అసలు పేరు కంటే కొలతకి కాస్త తక్కువే వస్తుంది. పిచ్‌కి, అంటే ఒక మరకీ పక్క మరకీ మధ్య దూరానికి, త్రెడ్ గేజ్ ఉంటే సరే, లేకపోతే స్కేలు పెట్టి పది మరల పొడవు చూడండి. 15 మి.మీ. అయితే 1.5 పిచ్. చివరి పరీక్ష కొట్టు దగ్గరే చేసేయవచ్చు. పాత ప్లగ్గు మరనీ కొత్త వాల్వు మరనీ పక్కపక్కన ఆనించి వెలుతురుకి పట్టుకోండి. పళ్లు ఒకదానిలో ఒకటి పూర్తిగా దిగి మధ్యలో వెలుగు కనబడకపోతే అదే సైజు. ఎక్కడో ఒకచోట సన్నగా వెలుగు కనిపించినా తిరిగిచ్చేయండి.

ప్లగ్గు కూర్చునే చోటు గుంతలా లోపలికి ఉంటే వాల్వు నడుం అంచుకి తగిలి వాషర్ ఆనదు. దానికి అడాప్టర్ అమ్ముతారు. అది వేస్తే వాల్వు మరింత కిందికి దిగుతుంది కాబట్టి పై కొలతలన్నీ మళ్లీ తీయాలి.

బిగించే పద్ధతి ఇదీ. ఇంజిన్ వేడెక్కాక ఆపి పావుగంట ఆగండి. మరిగే ఆయిల్ మోచేతి మీద పడితే తోలు ఊడుతుంది. ప్లగ్గు తీసి ఆయిల్ పూర్తిగా దిగనివ్వండి. ఆరు సిలిండర్ల టిప్పర్లలో 15 నుంచి 25 లీటర్ల దాకా పడుతుంది, కాబట్టి చిన్న తొట్టి చాలదు. తర్వాత చాంబర్ ముఖం గుడ్డతో తుడిచి వేలితో తడమండి. పాత రాగి వాషర్ అక్కడే అంటుకుని ఉంటుంది. నల్లబడి చాంబర్ లోహంలో కలిసిపోయినట్టుంటుంది, కంటికి తెలియదు, గోటికి అంచు తెలుస్తుంది. దాన్ని తీయకుండా కొత్త వాషర్ వేస్తే రెండు వాషర్లవుతాయి, ఆయిల్ కారుతుంది. కొత్త వాల్వు కారుతోందన్న ఫిర్యాదుల్లో మొదట అనుమానించాల్సింది దీన్నే.

వాల్వుని చేత్తోనే చివరిదాకా ఎక్కించాలి. మధ్యలో గట్టిపడితే పానా పట్టకండి, వెనక్కి తిప్పి మళ్లీ మొదలెట్టండి. వాషర్ తగిలాక పొట్టి పానాతో బిగించాలి. మీట రకం వాల్వు ఒళ్లు ఇత్తడి కాబట్టి పాత ఇనుప ప్లగ్గుకి వేసినంత బలం పనికిరాదు. డబ్బాలోని కాగితంలో టార్క్, అంటే ఎంత బలంతో బిగించాలో, రాసి ఉంటుంది, అంతే వేయండి. పైపు తొడిగి బిగించే అలవాటున్న హెల్పర్‌కి ఈ పని అప్పగించవద్దు.

మీట ఎటు తిరిగి ఆగిందో చూడండి. బండి ముందుకి పోతుంటే తగిలే కంప, రాయి మీటని మూసే వైపే నెట్టాలి గాని తెరిచే వైపు కాదు. తప్పు దిక్కులో ఆగిందని ఇంకాస్త బిగించడం, లేదా కాస్త వదులు చేయడం రెండూ తప్పే. మందం తేడా ఉన్న వాషర్ వేసి దిక్కు సరిచేసుకోవాలి.

బండి వారంటీలో ఉంటే ముందు సర్వీస్ సెంటర్‌ని అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి.

ప్రశ్న: మాది పికప్. తాడికొండ వైపు పొలాల నుంచి గుంటూరు యార్డుకి మిర్చి బస్తాలు తోలతాం. చాంబర్ అల్యూమినియం. వాన పడితే డొంకలో అడుగు నేలకి రాసుకుంటుంది. ఇలాంటి బండికి వాల్వు పనికొస్తుందా?
– పికప్ డ్రైవర్, గుంటూరు

జవాబు: సంప్ గార్డు (చాంబర్ కింద అడ్డుగా బిగించే రేకు) లేకుండా వద్దు. అడుగు నేలకి రాసుకుంటోందని మీరే అంటున్నారు. అంటే ఇప్పటికే చాంబర్ నేలకి దగ్గర, వాల్వు వేస్తే దానికన్నా ముందు అదే తగులుతుంది. మూడు మి.మీ. ఇనుప రేకు గార్డు వేయించి, వాల్వు కొన గార్డు అంచుకన్నా కనీసం ఒక వేలు పైకి ఉండేలా చూసుకోండి. ఆయిల్ దిగడానికి గార్డుకి రంధ్రం పెడితే వాల్వు కన్నా రెండింతల వెడల్పు పెట్టండి. చిన్న రంధ్రమైతే రేగడి మట్టి అందులో కూరుకుని ఎండి, మీట కదలదు. రేగడి ఎండితే సిమెంటు ముద్దే. వానాకాలంలో గార్డు పైభాగాన్ని వారానికోసారి నీళ్లతో కడిగించాలి.

అల్యూమినియం చాంబర్‌కి ఇంకో భయం మర. ఎం12లోనే 1.25 పిచ్, 1.5 పిచ్ రెండూ దొరుకుతాయి. టయోటా బండ్లకి ఎక్కువగా 1.25 ఉంటుంది. ఒకదాని చోట ఇంకొకటి పెడితే ఒకటి రెండు చుట్లు హాయిగా ఎక్కి ఆ తర్వాత బిగుస్తుంది. మట్టి అడ్డొచ్చిందనుకుని పానా వేశారంటే చాంబర్ మర పోతుంది. పోయినా దిగులు పడకండి, లేత్ షాపులో హెలికాయిల్ (మరలో కూర్చునే తీగ చుట్ట) వేసి మర నిలబెడతారు. ఆ పని చాంబర్ దించి చేయించండి. బండి మీదే డ్రిల్లు పెడితే రజను లోపల పడి ఆయిల్ పంపు జాలీకి చేరుతుంది.

ప్రశ్న: హార్డ్‌వేర్ కొట్లో అరంగుళం ఇత్తడి బాల్ వాల్వు చవక. అదే చాంబర్‌కి బిగిస్తే?
– లారీ యజమాని, నరసరావుపేట

జవాబు: వద్దు. అది నీళ్ల పైపు వాల్వు. దాని మర అంగుళాల లెక్క, బయటి వ్యాసం దాదాపు 21 మి.మీ., అంగుళానికి 14 పళ్లు. ఎం22, 1.5 పిచ్ రంధ్రంలో వదులుగా ఆడుతుంది. ఆ వదులు పూడ్చడానికి టెఫ్లాన్ టేపు చుడతారు. టేపు పీలికలు చాంబర్‌లో పడి, పంపు జాలీకి చుట్టుకుంటాయి. పైగా దాని పొడవాటి హ్యాండిల్‌కి గాడి లేదు, కంప తగిలినా తెరుచుకుంటుంది. చవకలో చవక ఇంజిన్ బోరింగ్ దాకా తీసుకుపోతుంది.

ప్రశ్న: వాల్వు వేయించి రెండు నెలలైంది. రాత్రి నిలిపిన చోట పొద్దున రూపాయి బిళ్లంత మరక ఉంటోంది. ప్లగ్గుతో దిగినంత ఆయిల్ దిగడం లేదనీ అనుమానం. వాల్వు మార్చాలా?
– బూడిద టిప్పర్ డ్రైవర్, ఇబ్రహీంపట్నం

జవాబు: మార్చకముందు ఎక్కడ కారుతోందో తేల్చండి. వాల్వు చుట్టూ పెట్రోలుతో కాకుండా బ్రేక్ క్లీనర్‌తో కడిగి, ఆరాక ముఖానికి రాసుకునే పౌడర్ చల్లండి. అరగంట ఇంజిన్ నడిపి చూడండి. పౌడర్ మీద తడి గీత వాషర్ దగ్గర మొదలైతే వాషర్ తప్పు. మీట మొదట్లో మొదలైతే లోపలి సీలు. ముక్కు లోంచి చుక్క వస్తుంటే గుండుకీ సీటుకీ మధ్య ఏదో ఇరుక్కుంది. బూడిద తోలే బండికి మూడోదానికే అవకాశం ఎక్కువ. ముక్కుకి రబ్బరు మూత పెట్టకపోతే సన్నని బూడిద లోపల చేరి, మీట తిప్పినప్పుడల్లా సీటుని గీకుతుంది. ఈసారి ఆయిల్ మార్చేటప్పుడు మీట తిప్పకముందే ముక్కుని బయట నుంచి తుడవండి. గీతలు పడ్డ సీటు బాగవదు, వాల్వు మార్చాల్సిందే.

ఆయిల్ తక్కువ దిగడం నిజమే. వాల్వు రంధ్రం ప్లగ్గు రంధ్రం కన్నా చిన్నది, అందుకే నిదానం. దానికి మందు వేడి ఆయిల్, పైన మూత తీసి పెట్టడం, ఓపిక. కానీ ఎంత ఆగినా దిగనిది ఒకటుంటుంది. వాల్వు మర కొన చాంబర్ లోపలికి కొన్ని మి.మీ. పొడుచుకుని ఉంటే, ఆ ఎత్తు దాకా అడుగు మడ్డి నిలిచిపోతుంది. దిగిన ఆయిల్‌ని లీటరు డబ్బాతో కొలిచి, పుస్తకంలో రాసిన పరిమాణంతో పోల్చండి. తేడా ఎక్కువుంటే నాలుగోసారో అయిదోసారో వాల్వు విప్పి పూర్తిగా దించండి.

అదే అదనుగా లోహపు రజను కూడా చూడండి. పాత ప్లగ్గుకి అయస్కాంతం ఉండి ఉంటే దానికి అంటిన రజను బేరింగుల సంగతి ముందే చెప్పేది. వాల్వు వేశాక ఆ కబురు ఆగిపోతుంది. పెద్ద తునకలు సన్న రంధ్రంలోంచి రావు కూడా. కాబట్టి తీసిన ఫిల్టర్‌ని కోసి మడతలు విప్పి చూసే అలవాటు చేసుకోండి. నల్లని మసి ఉంటే సరే, మెరిసే పొడి ఉంటే మెకానిక్‌ని పిలవండి.

ప్రశ్న: గేర్‌బాక్సు, డిఫరెన్షియల్‌కి కూడా వేయించవచ్చా? రాత్రి యార్డులో బండి వదిలేస్తాం, ఎవరైనా తెరిచేస్తే?
– టిప్పర్ యజమాని, విజయవాడ

జవాబు: డిఫరెన్షియల్‌కి వద్దు. వెనక భాగంలో అన్నిటికన్నా కిందికుండేది అదే, రాయి మొదట తగిలేదీ దానికే. గేర్ ఆయిల్ చిక్కన, చిన్న రంధ్రంలోంచి దిగేసరికి పూట గడుస్తుంది. గేర్‌బాక్సుదైనా అంతే, ఎప్పుడో మార్చే ఆయిల్‌కి ఈ సదుపాయం అక్కర్లేదు.

రెండో భయం సరైనదే. పానా అక్కర్లేని వాల్వంటే ఆకతాయికి కూడా పానా అక్కర్లేదు. మీట రకానికి ప్లాస్టిక్ క్లిప్ అమ్ముతారు, దాంతో పాటు సన్నని ఇనుప తీగతో మీటని వాల్వు ఒంటికి మెలిపెట్టి కట్టండి. కటింగ్ ప్లయర్ లేకుండా విప్పలేరు. క్వారీ కుదుపులకి కూడా ఆ కట్టే రక్ష. పొద్దున బండి తీసే ముందు డ్రైవర్ టైర్లు తట్టినట్టే కిందికి వంగి ఆ తీగ ఉందో లేదో చూడాలి.

పాత ప్లగ్గు పారేయకండి. దాన్నీ, కొత్త వాషర్‌నీ, అయిదు లీటర్ల ఆయిల్ డబ్బానీ టూల్ బాక్సులో ఉంచండి. ఆయిల్ లైటు వెలిగితే ముందు ఇంజిన్ ఆపాలని, తర్వాతే కిందికి దిగి చూడాలని డ్రైవర్‌కి చెప్పి ఉంచండి. ‘క్వారీ గేటు దాకా పోదాం’ అనుకుంటే బేరింగులు పోతాయి. వాల్వు మొదలంటా విరిగితే మిగిలిన ముక్కని లోపలి నుంచి పట్టి తిప్పే ఎక్స్‌ట్రాక్టర్‌తో తీయాలి, అది దారిలో అయ్యే పని కాదు, బండిని లాగించుకోవాలి.

ప్రశ్న: తీసిన పాత ఆయిల్ సెంట్రింగ్ పనివాళ్లు రేకులకి పూయడానికి అడుగుతారు. ఇవ్వవచ్చా?
– గ్యారేజీ నిర్వాహకుడు, గుంటూరు

జవాబు: ఇవ్వకూడదు. వాడేసిన ఆయిల్ 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. రిజిస్టరైన రీసైక్లర్‌కే ఇచ్చి రసీదు తీసుకోవాలి. వాల్వుకి గొట్టం తగిలించి నేరుగా డ్రమ్ములోకి దించితే నేల మీద చుక్క పడదు, ఆయిల్‌లో మట్టీ నీళ్లూ కలవవు. బ్రేక్ ఆయిల్, కూలెంట్ అదే డ్రమ్ములో పోయకండి, కలిపిన సరుకుని రీసైక్లర్ వెనక్కి పంపేస్తాడు.