సొంత ఆబ్జెక్ట్‌మ్యాపర్ వద్దు, ఉన్నదాన్నే సర్దుకోండి

జావా ఫ్రేమ్‌వర్క్ అయిన స్ప్రింగ్ బూట్ 3తో రాసిన సర్వీసులో తేదీలూ పెద్ద సంఖ్యలూ కోరిన రూపంలో జేసన్‌లోకి (సర్వీసులు డేటాను ఇచ్చిపుచ్చుకునే పాఠ్య రూపం) వెళ్లాలంటే, జావా ఆబ్జెక్టులను జేసన్‌గా మార్చే జాక్సన్ లైబ్రరీలోని ఆబ్జెక్ట్‌మ్యాపర్‌ను సొంతంగా సృష్టించుకోవాలా అని మీరు అడిగారు. వద్దని గట్టిగా చెబుతాను, ఎందుకంటే మేము ఆ పని చేసి వారం రోజులు అవస్థ పడ్డాము.

మా సర్వీసులో ఆర్డర్ ఐడీలు లాంగ్ (జావాలోని 64 బిట్ల పూర్ణాంకం) రకానివి, ఒక్కొక్కటి 18 అంకెల సంఖ్య. డేటాబేసులోనూ సర్వర్ లాగులోనూ సరిగ్గానే ఉన్న ఐడీ బ్రౌజరుకు చేరేసరికి చివరి అంకెలు మారిపోయి కనిపించేది. ఆ ఐడీతో వెతికితే అలాంటి ఆర్డరే లేదని జవాబు వచ్చేది. రెండు రోజులు డేటాబేసులోనే తప్పు వెతికాము. జావాస్క్రిప్ట్ మామూలు సంఖ్యలను 64 బిట్ల డబుల్‌గా (దశాంశాలను కూడా పట్టే సంఖ్యా రకం) దాచుకుంటుంది కాబట్టి 9007199254740991 దాటిన పూర్ణాంకాలన్నిటినీ అది ఉన్నవున్నట్టుగా నిలుపుకోలేదు. 9007199254740993 పంపితే 9007199254740992 అని చదువుకుంటుంది. 2017 నాటి జేసన్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 8259లో ఈ హద్దు ప్రస్తావన స్పష్టంగానే ఉంది, కానీ జేసన్‌తో రోజూ పనిచేసేవాళ్లలో దాన్ని తెరిచి చూసేవాళ్లు చాలా తక్కువ.

కారణం తెలిశాక తొందరపడి కొత్త ఆబ్జెక్ట్‌మ్యాపర్ బీన్ (స్ప్రింగ్ నిర్వహించే ఆబ్జెక్టు) ఒకటి రాసి, తేదీల కోసం జావాటైమ్‌మాడ్యూల్ చేర్చి, లాంగ్ విలువలన్నీ స్ట్రింగులుగా (అక్షరపాఠంగా) వెళ్లేలా టుస్ట్రింగ్‌సీరియలైజర్‌ను నమోదు చేశాము. ఐడీలు సరిపోయాయి. అయితే మన బీన్ కనిపించగానే బూట్ తాను సిద్ధం చేసే మ్యాపర్‌ను పక్కన పెడుతుంది, దానితోపాటు అది మనకోసం మార్చి ఉంచిన సెట్టింగులూ పోతాయి. అంతవరకు "2023-04-17" అని వెళ్లిన తేదీ [2023,4,17] అనే అర్రేగా వెళ్లడం మొదలైంది. అదనపు ఫీల్డు ఉన్నా ఇబ్బంది లేకుండా స్వీకరించిన రిక్వెస్టులకు 400 ఎర్రరు (రిక్వెస్టే తప్పు అనే జవాబు) రాసాగింది, ఎందుకంటే తెలియని ఫీల్డును తప్పుగా పరిగణించడం జాక్సన్ 2 సహజ స్వభావం, బూట్ దాన్ని ఆపి ఉంచుతుంది. మొత్తం రికార్డుల లెక్క కూడా లాంగే కావడంతో అదీ స్ట్రింగై, బ్రౌజరులో 40కి 1 కలిపితే రెండూ పక్కపక్కన అతుక్కుని 401 వచ్చింది.

చివరికి ఆ బీన్‌ను తీసేశాము. అందరికీ వర్తించవలసిన మార్పులను జాక్సన్2ఆబ్జెక్ట్‌మ్యాపర్‌బిల్డర్‌కస్టమైజర్‌లో పెట్టాము. అది బూట్ సెట్టింగులను చెరపకుండా వాటిపైన మనవి చేరుస్తుంది. బిగ్‌డెసిమల్ (కచ్చితమైన దశాంశ సంఖ్య) విలువ 1E+3 లాగా కాకుండా 1000 అనే వెళ్లాలన్న నియమం అక్కడికి చేరింది. ఐడీలకు మాత్రం ఆ ఫీల్డుల మీదనే జేసన్‌సీరియలైజ్ యానొటేషన్ (కోడ్‌కు తగిలించే సూచన) పెట్టి టుస్ట్రింగ్‌సీరియలైజర్‌ను పేర్కొన్నాము. తేదీల సంగతికి వస్తే, బూట్ వాటిని ముందే "2023-04-17" లాంటి ఐఎస్ఓ రూపంలో పంపుతుంది. ఏదో ఒక ఫీల్డుకు వేరే రూపం కావాలంటే జేసన్‌ఫార్మాట్ యానొటేషన్ చాలు.

ఇదే సందర్భంలో నన్ను ఎప్పుడూ బాధించే మరో అలవాటు చెప్పాలి. డేటాబేసు పట్టికలకు ప్రతిరూపాలైన ఎంటిటీ క్లాసులనే నేరుగా జవాబుగా పంపుతూ, వాటి మీద ఫీల్డును దాచే జేసన్‌ఇగ్నోర్, పేరు మార్చే జేసన్‌ప్రాపర్టీ యానొటేషన్లు గుట్టలుగా పేర్చేవారు చాలామంది ఉన్నారు. ఒక కొత్త కాలమ్ చేర్చినప్పుడు జేసన్‌ఇగ్నోర్ పెట్టడం మరిచిపోతే అది బయటి ప్రపంచానికి చేరిపోతుంది. జవాబు కోసం విడిగా ఒక రికార్డు (జావాలో డేటాను ఉంచే చిన్న క్లాసు) రాసుకోవడానికి పది నిమిషాలు పడుతుంది, అలా రాసుకుంటే కస్టమ్ సీరియలైజర్ అవసరం పదింట తొమ్మిదిసార్లు రాదని నా గట్టి నమ్మకం. మార్చడానికి వీలులేని బయటి లైబ్రరీ క్లాసులకు మిక్సిన్ (యానొటేషన్లను వేరే క్లాసులో రాసి జోడించే పద్ధతి) ఉంది.

మీరు ఏ మార్గం ఎంచుకున్నా, అంతకుముందు జేసన్‌టెస్ట్ యానొటేషన్‌తో ఒక పరీక్ష రాసి, వెలువడే జేసన్ పాఠాన్ని అక్షరం అక్షరం సరిచూడండి. మా పాత పరీక్షలన్నీ జేసన్‌ను ఒకే మ్యాపర్‌తో రాసి, అదే మ్యాపర్‌తో తిరిగి చదివేవి కాబట్టి తేదీలు అర్రేలుగా మారిన రోజున కూడా అవన్నీ పాసయ్యాయి.