నాచు నీటిలోని డయాటమ్‌లు: విల్లు ఆకారాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న: ఆమ్ల గుణం గల చిత్తడి నేలలోని స్ఫాగ్నమ్ నాచును పిండి, ఆ నీటిని మైక్రోస్కోపులో చూశాను. విల్లులా వంగిన డయాటమ్‌లు (గాజులాంటి సిలికా కవచం గల ఏకకణ శైవలాలు), వాటి పక్కనే దీర్ఘచతురస్రంలా ఉన్నవి కనిపించాయి. ఇవి వేర్వేరు జాతులా? వంగినవి సింబెల్లా ప్రజాతికి చెందినవేనా?

జవాబు: మీరు చూసిన రెండు ఆకారాలూ ఒకే జాతివి కావచ్చు. డయాటమ్ సిలికా కవచం డబ్బా, దాని మూతలాగా ఒకదానిలో ఒకటి ఇమిడే రెండు భాగాలతో ఏర్పడుతుంది కనుక, పైనుంచి చూస్తే విల్లులా ఉన్న కణమే పక్కకు ఒరిగినప్పుడు దీర్ఘచతురస్రంగా కనిపిస్తుంది.

ఇక అది సింబెల్లా కంటే యూనోషియా అనే మరో డయాటమ్ ప్రజాతి అయ్యే అవకాశమే ఎక్కువ. రెండూ వంగే ఉంటాయి గాని, తేడా రాఫీ అనే సన్నని చీలికలో ఉంది. సింబెల్లాలో అది కవచపు ముఖం మీదుగా దాదాపు ఈ కొస నుంచి ఆ కొస వరకు సాగుతుంది. యూనోషియాలో మాత్రం రెండు కొసల దగ్గర, లోపలికి వంగిన అంచు వైపు, పొట్టి చీలికలుగా మిగిలి, చాలా భాగం పక్కగోడ మీదికి దిగిపోతుంది. అందువల్ల పక్కకు ఒరిగిన కణంలోనే అది తేలికగా కంటబడుతుంది. డయాటమ్ శాస్త్రజ్ఞులు రౌండ్, క్రాఫర్డ్, మాన్‌లు 1990లో ప్రకటించిన వర్గీకరణలో యూనోషియాకు, దాని బంధువులకు ప్రత్యేక ఉపతరగతి దక్కడానికి ముఖ్య ఆధారం ఈ పొట్టి రాఫీయే.

ఆవాసం కూడా ఇదే సూచిస్తుంది. స్ఫాగ్నమ్ నీటిలోని కాల్షియం వంటి అయాన్లను పట్టుకొని హైడ్రోజన్ అయాన్లను విడుదల చేయడం వల్ల పీహెచ్ తరచుగా 4 దరిదాపులకు పడిపోతుంది. సింబెల్లా జాతులు ఎక్కువగా తటస్థ, క్షార జలాలలో పెరుగుతాయి. ఆమ్ల జలాలలో యూనోషియాతోపాటు ఫ్రస్టులియా, కొన్ని పిన్యులారియా జాతులు, టాబెల్లేరియా ఫ్లాక్యులోసా కనిపిస్తాయి. డయాటమ్‌లను పీహెచ్‌ను బట్టి ఐదు వర్గాలుగా విభజించిన జర్మన్ శాస్త్రజ్ఞుడు హుస్టెట్, 5.5 కంటే తక్కువ పీహెచ్‌లో బాగా వృద్ధి చెందేవాటికి ఒక వర్గాన్నే కేటాయించాడు. అయితే ఆవాసం సూచన మాత్రమే, గుర్తింపు కాదు.

జాతిని తేల్చాలంటే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో సేంద్రియ పదార్థాన్ని తొలగించి, ఖాళీ కవచాలను చూడాలి. పొడవు ఒక్కదాన్నే కొలవడం దండగ. విభజన జరిగిన ప్రతిసారీ ఒక పిల్లకణం కొంచెం చిన్నదవుతుంది, దానితో వంపు తీరు కూడా మారుతుంది. వెడల్పు, కొసల ఆకృతి, కవచం మీద 10 మైక్రోమీటర్ల పొడవులో ఉన్న చారల సంఖ్య అంతగా మారవు కనుక వాటినే ముందు నమోదు చేసుకోండి.