కొండవాలు గుడి, చేత్తో తవ్విన పునాదులు

ప్రశ్న: మలేషియాలోని గెంటింగ్ హైలాండ్స్ అనే కొండ విడిదికి వెళ్లేవాళ్లు చూసే చిన్ స్వీ చైనా గుడి కట్టడానికి 18 ఏళ్లు ఎందుకు పట్టింది?

జవాబు: కొండవాలు వల్ల. 1976లో మొదలైన పని 1994లో ప్రారంభోత్సవం దాకా సాగింది. గెంటింగ్ వ్యవస్థాపకుడు లిమ్ గో టోంగ్ ఇచ్చిన 28 ఎకరాలూ సుమారు 4,600 అడుగుల ఎత్తున ఉన్న రాతి అడవి. ఆ వాలులో పునాది స్తంభాలను నేలలోకి దించే పైలింగ్ యంత్రాలు పనిచేయక, పునాది గోతులు మనుషులే తవ్వారు. అందరూ గుడిలోని అంతస్తుల గోపురాన్ని, అంటే పగోడాను, ఫొటో తీస్తారు గానీ, అసలు గొప్పతనం ఆ గోతులదే! ఇలాంటి చోట తల్లిరాయి, అంటే మట్టి కింద కదలకుండా ఉండే అసలు రాతిపొర, తగిలేదాకా తవ్వాలి. మధ్యలో అడ్డొచ్చిన విడిబండనే తల్లిరాయి అనుకుని ఆపేస్తే, వానకు మట్టి నానినప్పుడు బండతోపాటు స్తంభమూ జారుతుంది. గుడిలో కొలువైనది లిమ్ స్వస్థలం ఫుజియాన్‌లో వాన కురిపించే దైవంగా కొలిచే చిన్ స్వీ గురువు.